పొడవాటి ఇంగ్లిష్ మాటలు: ఎక్కడ ఒత్తాలో పదం చివరే చెబుతుంది

ఇమ్యూన్, ఇమ్యూనిటీ, ఇమ్యునాలజీ, ఇమ్యునైజేషన్. శామీర్‌పేట నుంచి తుర్కపల్లి దాకా పరచుకున్న జీనోమ్ వ్యాలీలో రోజూ నలిగే మాటలివి. నాలుగూ ఒక్క వేరు నుంచి వచ్చినవే. ఇంగ్లిష్ బాగా తెలిసినవారు వీటిని పలుకుతున్నప్పుడు చెవి పెట్టి వినండి. ఇమ్యూన్, ఇమ్యూనిటీల్లో గొంతు రెండో ముక్క మీద నిలుస్తుంది. ఇమ్యునాలజీలో మూడో ముక్కకు జరుగుతుంది. ఇమ్యునైజేషన్‌లో నాలుగో ముక్కకు చేరుతుంది. వేరు అదే ఉంది, చివర తగిలిన ప్రత్యయం మారింది. గొంతు ఎక్కడ నిలవాలో ఆ ప్రత్యయమే నిర్ణయించింది.

ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్న విద్యార్థి ఈ ఒక్క సంగతిని పట్టుకుంటే వందల పొడవాటి మాటలు అతని నోటికి దారికొస్తాయి. ఒక్కొక్క మాటను బట్టీ పట్టక్కర్లేదు. విదేశీ యాసను అరువు తెచ్చుకోనక్కర్లేదు. మాటను ముక్కలు చేయడం, చివరి ప్రత్యయాన్ని గుర్తించడం, సరైన ముక్క మీద ఊనిక పెట్టడం వస్తే చాలు. ఇంగ్లిష్‌లో దీన్ని స్ట్రెస్ అంటారు, మన భాషాశాస్త్ర పుస్తకాల్లో ఊనిక అంటారు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల చదువుకుంటూ అక్కడే ఉద్యోగం చూసుకునేవారికి ఇది ఎందుకు అవసరమో, ఎలా నేర్చుకోవాలో చూద్దాం.

ఇక్కడి ఉద్యోగాలకూ పొడవాటి మాటలకూ ఉన్న లంకె

మేడ్చల్ పేరు టీకాల చరిత్రలో ముందే నమోదైంది. 1993లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన, మేడ్చల్‌లో ప్లాంట్ ఉన్న శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది. 1996లో మొదలైన భారత్ బయోటెక్ జీనోమ్ వ్యాలీలోనే ఉంది. కోవాగ్జిన్ అక్కడి నుంచే వచ్చింది. 1953 నుంచి ఉన్న బయలాజికల్ ఇ సంస్థకు కూడా శామీర్‌పేట ప్రాంతంలో ప్లాంట్ ఉంది. ఇలాంటి పరిశ్రమల్లో బీఎస్సీ, ఎంఎస్సీ, బీఫార్మసీ, ఎంఫార్మసీ చదివినవారు క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అష్యూరెన్స్, ప్రొడక్షన్, మైక్రోబయాలజీ, రెగ్యులేటరీ అఫైర్స్ విభాగాల్లో చేరుతుంటారు.

ఆ విభాగాల్లో నడిచే మాటలు చూడండి: వ్యాలిడేషన్, వెరిఫికేషన్, కాలిబ్రేషన్, డీవియేషన్, కంటామినేషన్, స్పెసిఫికేషన్, డాక్యుమెంటేషన్, స్టెరిలిటీ, స్టెబిలిటీ, ట్రేసబిలిటీ. అన్నీ ప్రత్యయాలు తగిలి పొడవైన నామవాచకాలే. ఉద్యోగంలోని అసలు పని ఈ మాటల్లోనే ఉంటుంది. చిన్న మాట ఒకటి సరిగ్గా వినపడకపోయినా వినేవారు సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు. వ్యాలిడేషన్‌కూ వెరిఫికేషన్‌కూ మధ్య తేడా అలా ఊహించి వదిలేసేది కాదు. టీకాలు, మందులు ఎగుమతి చేసే ప్లాంట్లకు విదేశీ తనిఖీ బృందాలు వస్తాయి. పని చేసే చోటే నిలబడి, ఆ పని చేసే ఉద్యోగినే ప్రశ్న అడుగుతాయి. అప్పుడు జవాబు విషయంలో ఎంత కచ్చితంగా ఉండాలో, వినేవారికి అంత స్పష్టంగానూ అందాలి.

ఫార్మా దాటి చూసినా ఇంతే. శామీర్‌పేటలో 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదవాలనుకునేవారి నోట జ్యూరిస్డిక్షన్, ఆర్బిట్రేషన్, లిటిగేషన్, లయబిలిటీ, కాన్‌స్టిట్యూషన్ లాంటి మాటలు తొణక్కుండా రావాలి. మూట్ కోర్టులో వాదించేటప్పుడు ఆగి ఆలోచించుకునే తీరిక దొరకదు. మేడ్చల్ మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన గోదాములు, పంపిణీ కేంద్రాలు చాలా ఉన్నాయి. అక్కడి సూపర్‌వైజర్ కొలువుకు లాజిస్టిక్స్, డిస్ట్రిబ్యూషన్, ట్రాన్స్‌పోర్టేషన్, అవైలబిలిటీ నిత్యం వాడే మాటలు.

ఊనిక తప్పితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు మన ఊళ్లోనే దొరికింది. హైదరాబాద్‌లో 1958లో మొదలై, నేడు ఇఫ్లూగా పిలుచుకుంటున్న సంస్థలో ధ్వనిశాస్త్రం బోధించిన ఆర్.కె. బన్సల్, భారతీయుల ఇంగ్లిష్ వినేవారికి ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించి 1969లో గ్రంథం ప్రచురించారు. మాట అందకపోవడానికి ఆయన చూపిన ముఖ్య కారణాల్లో పదంలో ఊనిక తప్పు చోట పడడం ఒకటి. జేఎన్‌టీయూహెచ్ బీటెక్ ఇంగ్లిష్ ల్యాబ్ సిలబస్‌లోనూ సిలబుల్ నిర్మాణం, పదంలో ఊనిక అనే పాఠాలు ఉన్నాయి. ల్యాబ్ పరీక్ష అయిపోగానే ఆ పాఠాన్ని మరిచిపోవద్దు. ఉద్యోగ జీవితమంతా అది అక్కరకొస్తుంది.

తెలుగువారికి ఇది ఎందుకు కొత్త

తెలుగులో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా తెలియకపోతే అర్థమే మారిపోతుంది. పలక వేరు, పాలక వేరు. అందుకే మన చెవి నిడివిని చటుక్కున పసిగడుతుంది. కానీ తెలుగు మాటలో ఒక ముక్కను గట్టిగా, మరో ముక్కను మెత్తగా పలికినంత మాత్రాన అర్థం మారదు. కాబట్టి ఊనికను గమనించే అలవాటు మనకు లేదు. ఇంగ్లిష్ మాట పలికేటప్పుడు కూడా ప్రతి అక్షరానికీ సమానంగా విలువ ఇచ్చేస్తాం.

లిపి కూడా కొంత దారి తప్పిస్తుంది. యూనివర్సిటీ అని రాసినప్పుడు దీర్ఘాలు మొదట, చివర ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఊనిక పడేది మధ్యలోని 'వర్' మీద. ఫోటోగ్రఫీలో ఫో, టో రెండూ దీర్ఘాలుగా రాస్తాం. అసలు పలుకులో ఒత్తు రెండో ముక్క మీదే, అదీ 'టా' అన్నట్టు. తెలుగు రాతను చూసి ఇంగ్లిష్ ఊనికను పోల్చుకోవడం ఎప్పుడూ కుదరదు.

అయితే ఇందుకు కావలసిన పరికరం బడిలోనే మన చేతికి వచ్చింది. అది ఛందస్సు. తొమ్మిది, పది తరగతుల్లో పద్యపాదాన్ని గురు లఘువులుగా విడదీశాం. పొల్లు హల్లును వేరుగా లెక్కపెట్టక దాని ముందు అక్షరంతో కలిపేశాం. గణాలు గుర్తించి ఇది ఉత్పలమాల, ఇది చంపకమాల అని తేల్చాం. మాటను వినిపించినట్టుగా ముక్కలు చేయడం, బరువైన ముక్క ఏదో, తేలిక ముక్క ఏదో గుర్తించడం ఆ పాఠంతోనే వచ్చింది. తేడా ఒక్కటే. తెలుగు పద్యంలో గురువులు ఎన్నయినా ఉండొచ్చు, అక్షరాన్ని చూస్తేనే తెలిసిపోతాయి. ఇంగ్లిష్ మాటలో ప్రధానమైన ఊనిక ఒకే ఒక్క ముక్క మీద ఉంటుంది, అది ఎక్కడుందో పదం చివర చూస్తే తెలుస్తుంది.

మొదటి మెట్టు: ముక్కలు చేయడం

ఒక అచ్చు ధ్వని ఉన్న ముక్కను సిలబుల్ అంటారు. స్పెల్లింగ్‌లో ఎన్ని అచ్చులు ఉన్నాయన్నది లెక్కకు రాదు, నోటితో పలికేవే లెక్క. 'షన్' అని పలికే ప్రత్యయంలో రాతకు రెండు అచ్చులున్నా పలుకులో ఒకటే ముక్క. డాక్యుమెంటేషన్‌ను తెలుగు అక్షరాలుగా విడదీస్తే చివరి 'న్' విడిగా కనిపిస్తుంది. సిలబుల్ లెక్కలో అది 'ష'తో కలిసిపోయి 'షన్' అవుతుంది. ఛందస్సులో పొల్లును కలుపుకొన్న పద్ధతే ఇక్కడా.

ఈ వ్యాసంలో చిన్న గీత సిలబుల్ హద్దును చూపుతుంది. ఏ ముక్క ముందు ˈ గుర్తు ఉంటే ఊనిక దాని మీద. ఇంగ్లిష్ నిఘంటువులూ ఈ నిలువు గీతనే ముక్క ముందు పైభాగాన వాడతాయి.

- డాక్యుమెంటేషన్: డా-క్యు-మెన్-ˈటే-షన్. ఐదు ముక్కలు, నాలుగో దాని మీద ఊనిక.
- మైక్రోబయాలజీ: మై-క్రో-బై-ˈఆ-ల-జీ. ఆరు ముక్కలు, నాలుగో దాని మీద ఊనిక.
- డెవలప్‌మెంట్: డి-ˈవె-లప్-మెంట్. నాలుగు ముక్కలు, రెండో దాని మీద ఊనిక.

ముక్కలు చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఆ అలవాటున మేనేజ్‌మెంటు, డెవలప్‌మెంటు అంటూ చివర 'ఉ' చేరిస్తే ఒక సిలబుల్ అదనంగా వచ్చేస్తుంది. తెలుగు వాక్యంలో అది మన సహజమైన పలుకుబడి, తప్పేమీ లేదు. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం హల్లు దగ్గరే ఆపాలి.

రెండో మెట్టు: చివర చూసి ఊనిక పెట్టడం

ప్రత్యయాలు చాలా ఉన్నాయి. వాటిని ఐదు గుంపులుగా పెట్టుకుంటే పని తేలికవుతుంది.

1. 'షన్' గుంపు. చివర 'షన్' లేదా 'జన్' అని పలికితే ఊనిక దానికి సరిగ్గా ముందున్న ముక్క మీద పడుతుంది. మాట ఎంత పొడవైనా ఇంతే.

- వ్యాలిడేషన్: వ్యా-లి-ˈడే-షన్
- కాలిబ్రేషన్: క్యా-లి-ˈబ్రే-షన్
- డీవియేషన్: డీ-వి-ˈయే-షన్
- వెరిఫికేషన్: వె-రి-ఫి-ˈకే-షన్
- జ్యూరిస్డిక్షన్: జ్యూ-రిస్-ˈడిక్-షన్
- లయోఫిలైజేషన్: లై-ఆ-ఫి-లై-ˈజే-షన్

టీకాలను గడ్డకట్టించి, తేమ తీసి పొడిగా మార్చే ప్రక్రియ పేరు లయోఫిలైజేషన్. ఆరు ముక్కల ఆ మాట చూడగానే భయం పుడుతుంది. చివర 'షన్' ఉందని గుర్తించిన వెంటనే ఒత్తవలసింది 'జే' అని తేలిపోతుంది.

2. 'ఇటీ' గుంపు. ఈ ప్రత్యయం పలుకులో రెండు ముక్కలు. ఊనిక దానికి ముందున్న ముక్క మీద, అంటే చివరి నుంచి మూడోదాని మీద పడుతుంది. ప్రత్యయం చేరగానే పాత ఊనిక చోటు మారిపోవడం ఈ గుంపులో బాగా కనిపిస్తుంది.

- స్టేబుల్: ˈస్టే-బుల్. స్టెబిలిటీ: స్ట-ˈబి-లి-టీ
- టాక్సిక్: ˈటాక్-సిక్. టాక్సిసిటీ: టాక్-ˈసి-సి-టీ
- సాల్యుబుల్: ˈసా-ల్యు-బుల్. సాల్యుబిలిటీ: సా-ల్యు-ˈబి-లి-టీ
- రెస్పాన్సిబిలిటీ: రె-స్పాన్-సి-ˈబి-లి-టీ
- కాన్ఫిడెన్షియాలిటీ: కాన్-ఫి-డెన్-షి-ˈయా-లి-టీ

'బిలిటీ'తో ముగిసే మాట ఏదైనా సరే, ఒత్తు 'బి' మీదే. ట్రేసబిలిటీ, లయబిలిటీ, అవైలబిలిటీ, ఎలిజిబిలిటీ అన్నింటికీ ఇదే వర్తిస్తుంది.

3. 'లజీ', 'గ్రఫీ', 'మెట్రీ', 'స్కపీ', 'నమీ' గుంపు. శాస్త్రాల పేర్లు, ల్యాబ్ పద్ధతుల పేర్లు ఎక్కువగా ఇందులోకి వస్తాయి. ఇక్కడా చివరి నుంచి మూడో ముక్కే.

- ఇమ్యునాలజీ: ఇ-మ్యు-ˈనా-ల-జీ
- బయోటెక్నాలజీ: బై-ఓ-టెక్-ˈనా-ల-జీ
- క్రోమటోగ్రఫీ: క్రో-మ-ˈటా-గ్ర-ఫీ
- స్పెక్ట్రోస్కోపీ: స్పెక్-ˈట్రాస్-క-పీ

క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేరాలనుకునేవారు క్రోమటోగ్రఫీ, స్పెక్ట్రోస్కోపీ అన్న రెండు మాటలను ముందుగా సరిచేసుకోవాలి. ఇంటర్వ్యూలో ఇవి తప్పకుండా వస్తాయి.

4. 'ఇక్', 'ఇక్స్', 'ఇకల్' గుంపు. 'ఇక్', 'ఇక్స్' ఉంటే చివరి నుంచి రెండో ముక్క మీద, 'ఇకల్' ఉంటే చివరి నుంచి మూడో ముక్క మీద. రెండింటిలోనూ ప్రత్యయానికి ముందున్న ముక్కే.

- సైంటిఫిక్: సై-అన్-ˈటి-ఫిక్
- జెనెటిక్స్: జ-ˈనె-టిక్స్
- లాజిస్టిక్స్: ల-ˈజిస్-టిక్స్
- ఫార్మస్యూటికల్: ఫార్-మ-ˈస్యూ-టి-కల్

బయాలజీని బై-ˈఆ-ల-జీ అంటాం. బయలాజికల్ దగ్గరికి వచ్చేసరికి బై-అ-ˈలా-జి-కల్ అవుతుంది. శామీర్‌పేట దారిలో బోర్డు మీద రోజూ కనిపించే మాటను ఇకపై ఇలా చదివి చూడండి.

5. చోటు మార్చని గుంపు, తానే ఊనిక తీసుకునే గుంపు. మెంట్, నెస్, షిప్, హుడ్, అర్ లాంటి ప్రత్యయాలు మూలపదం ఊనికను కదిలించవు. మూలం తెలిస్తే చాలు.

- మేనేజ్‌మెంట్: ˈమ్యా-నిజ్-మెంట్
- రిక్వైర్‌మెంట్: రి-ˈక్వై-యర్-మెంట్
- లీడర్‌షిప్: ˈలీ-డర్-షిప్
- అవేర్‌నెస్: అ-ˈవేర్-నెస్

ఫార్మా ప్లాంట్లలో నిత్యం వినిపించే శుభ్రతకు సంబంధించిన మాట ఒకటి ఈ గుంపులోనే ఉంది. క్లీన్ నుంచి వచ్చినా దాన్ని ˈక్లెన్-లి-నెస్ అని పలకాలి, 'క్లీన్' అని సాగదీయకూడదు.

ఇందుకు భిన్నంగా 'ఈ', 'ఈర్' ప్రత్యయాలు ఊనికను తామే తీసుకుంటాయి. ఇంజినీర్ ఎన్-జి-ˈనీర్ అవుతుంది, మొదటి ముక్క మీద ఒత్తకూడదు. ట్రైనీ ట్రే-ˈనీ, నామినీ నా-మి-ˈనీ, వాలంటీర్ వా-లన్-ˈటీర్ అవుతాయి. ఉద్యోగంలో తొలి హోదా సాధారణంగా ట్రైనీయే కాబట్టి ఈ చిన్న మాటనూ నిర్లక్ష్యం చేయొద్దు.

మూడో మెట్టు: మిగతా ముక్కలను తగ్గించడం

ఊనిక అంటే అరవడం అనుకోవద్దు. ఆ ముక్క కాస్త గట్టిగా, కాస్త పొడవుగా, కాస్త ఎత్తైన స్వరంలో వస్తుంది, అందులోని అచ్చు స్పష్టంగా వినిపిస్తుంది. మిగతా ముక్కలు మెత్తబడతాయి. వాటిలోని అచ్చు తరచుగా అస్పష్టమైన చిన్న 'అ' లాంటి ధ్వనిగా మారిపోతుంది. స్టేబుల్‌లో 'స్టే' అని నిండుగా ఉన్న ముక్క స్టెబిలిటీలో 'స్ట' అని కుంచించుకుపోవడం ఇందువల్లే. చాలామంది ఊనికను సరైన చోటే పెట్టినా మిగతా ముక్కలను తగ్గించరు. అప్పుడు అన్నీ ఒకే ఎత్తులో వినిపించి, పెట్టిన ఊనిక కూడా తేలిపోతుంది.

ఐదారు ముక్కల మాటల్లో మరో చిన్న ఊనిక కూడా ఉంటుంది. మూలపదంలో ఒకప్పుడు ప్రధానంగా ఉన్న ఊనిక, ప్రత్యయం చేరాక పూర్తిగా పోకుండా చాలాసార్లు చిన్న ఊనికగా మిగులుతుంది. డాక్యుమెంట్‌లో ఒత్తు 'డా' మీద. డాక్యుమెంటేషన్‌లో ప్రధాన ఊనిక 'టే'కు వెళ్లాక కూడా 'డా' మీద కొంత బరువు నిలుస్తుంది. రెస్పాన్సిబుల్‌లోని 'స్పాన్' రెస్పాన్సిబిలిటీలో చిన్న ఊనికగా మిగులుతుంది. అందుకే పొడవాటి ఇంగ్లిష్ మాట మొదట్లో వరుసగా రెండు ముక్కలు బలహీనంగా ఉండవు. మొదటి రెండింటిలో ఏదో ఒకదానికి కొంత బరువు తప్పకుండా ఉంటుంది. నిఘంటువులో ఈ చిన్న ఊనికను ముక్క ముందు కింది భాగాన గీతతో చూపుతారు.

మూలపదం, దాని సంతానం మధ్య ఊనిక ఎలా నడుస్తుందో ల్యాబ్ ఉద్యోగుల హోదాలోనే చూడొచ్చు. అనలిస్ట్ ˈయా-న-లిస్ట్ అవుతుంది. అతను చేసే అనాలిసిస్ అ-ˈన్యా-ల-సిస్. ఆ పనికి వాడే విశేషణం అనలిటికల్ యా-న-ˈలి-టి-కల్. ఒక్క వాక్యంలో ఈ మూడూ వస్తే ఊనిక మొదటి, రెండో, మూడో ముక్కల మీదుగా నడవాలి. ఇంటర్వ్యూకు ముందు ఈ మూడింటినీ వరుసగా పలికి సాధన చేయండి.

సూత్రానికి లొంగని మాటలు

ఏ భాషలోనైనా సూత్రం వదిలేసే మాటలు ఉంటాయి. వాటిని విడిగా రాసుకుని గుర్తుంచుకోవడమే మార్గం.

- టెలివిజన్ చివర 'జన్' ఉన్నా ఊనిక మొదటి ముక్క మీదే: ˈటె-లి-వి-జన్.
- పాలిటిక్స్ చివర 'ఇక్స్' ఉన్నా మొదటి ముక్కే: ˈపా-లి-టిక్స్.
- కమిటీ చివర 'ఈ' ఉన్నా మధ్య ముక్క: క-ˈమి-టీ.

'అన్స్', 'ఎన్స్' ప్రత్యయాల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త అవసరం. కొన్నింట్లో మూలం ఊనిక అలాగే ఉంటుంది: అష్యూరెన్స్ అ-ˈషూ-రెన్స్, కంప్లయన్స్ కం-ˈప్లై-అన్స్. కొన్నింట్లో ముందుకు జరుగుతుంది. రిఫర్ రి-ˈఫర్ అయితే రిఫరెన్స్ ˈరె-ఫ-రెన్స్. మెయిన్‌టెయిన్‌లో ఒత్తు రెండో ముక్క మీద ఉంటుంది. నామవాచకంలో అది మొదటి ముక్కకు వెళ్తుంది, అచ్చు కూడా మారుతుంది: ˈమెయిన్-ట-నెన్స్. ప్లాంట్లలో ఒక విభాగం పేరే ఇది కాబట్టి 'మెయింటెయినెన్స్' అని సాగదీసే అలవాటును ఇప్పుడే మానుకోవాలి.

ఇంటర్వ్యూ గదిలో

ఇంటర్వ్యూలో తొలి ప్రశ్న దాదాపుగా మీ గురించి చెప్పమనే. ఆ జవాబులో వచ్చే మాటలు ముందే తెలిసినవి: గ్రాడ్యుయేషన్, స్పెషలైజేషన్, క్వాలిఫికేషన్, కమ్యూనికేషన్, సర్టిఫికేషన్, యూనివర్సిటీ, టెక్నాలజీ, ఆపర్చునిటీ, రెస్పాన్సిబిలిటీ, పంక్చువాలిటీ. పైన చెప్పిన మొదటి మూడు గుంపులతోనే ఇవన్నీ సరైపోతాయి. గ్రా-జు-ˈయే-షన్, క-మ్యూ-ని-ˈకే-షన్, ఆ-పర్-ˈట్యూ-ని-టీ, పంక్-చు-ˈయా-లి-టీ అని నాలుగు రోజులు పలికితే ఆ రెండు నిమిషాల జవాబు వినేవారికి తేటగా అందుతుంది. మొదటి జవాబు తేటగా సాగితే తర్వాతి ప్రశ్నలకు మీకే ధైర్యం వస్తుంది.

ఇక విషయ పరిజ్ఞానం ప్రశ్నలు. మీ బ్రాంచి సిలబస్ తీసి ప్రతి యూనిట్‌లోని పొడవాటి నామవాచకాలను విడిగా రాసుకోండి. మైక్రోబయాలజీ విద్యార్థికి స్టెరిలైజేషన్, ఫర్మెంటేషన్, టాక్సిసిటీ దొరుకుతాయి. న్యాయ విద్యార్థికి లిటిగేషన్, లయబిలిటీ దొరుకుతాయి. ఇంజినీరింగ్ విద్యార్థికి ఆథెంటికేషన్, స్కేలబిలిటీ, ఆప్టిమైజేషన్ దొరుకుతాయి. పై చదువులకు విదేశాలు వెళ్లేవారికీ ఇది లాభమే. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో మార్కులిచ్చే నాలుగు ప్రమాణాల్లో ఉచ్చారణ ఒకటి, మిగతా మూడింటితో సమానమైన విలువ దానికి ఉంది.

సాధన ఇలా చేయండి

1. రోజుకు పది మాటలు చాలు. మీ సిలబస్ నుంచి, మీరు దరఖాస్తు చేసే ఉద్యోగ ప్రకటన నుంచి ఎంచుకోండి. కొత్త మాటల కన్నా మీరు రోజూ వాడే మాటలకే మొదటి స్థానం.
2. ప్రతి మాటనూ ముక్కలు చేసి నోట్‌బుక్‌లో రాయండి. చివరి ప్రత్యయం కింద గీత గీయండి. ఏ గుంపో రాయండి. ఊనిక గుర్తు పెట్టండి.
3. ఆ తర్వాతే నిఘంటువు తెరవండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లెర్నర్స్ నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, మాటను వినిపిస్తాయి. ముందు మీరు ఊహించి తర్వాత సరిచూసుకుంటేనే సూత్రం మనసులో నాటుకుంటుంది.
4. మాటను విడిగా పలికాక వాక్యంలో పెట్టి పలకండి. విడిగా సరిగ్గా వచ్చిన మాట వాక్యంలోకి వెళ్లగానే పాత అలవాటుకు జారిపోతుంది.
5. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ఒక్క ప్రశ్నే వేసుకోండి: ఏ ముక్క అన్నింటికన్నా ఎత్తుగా వినిపిస్తోంది?
6. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి చేయండి. ఒకరు పలకాలి, రెండోవారు రాత చూడకుండా ఊనిక ఎక్కడ వినిపించిందో చెప్పాలి. పలికినవారి ఉద్దేశం, విన్నవారి జవాబు ఒక్కటైతే మాట అందినట్టే.

విద్యార్థుల సందేహాలు

*బ్రిటిష్ పలుకు నేర్చుకోవాలా, అమెరికన్ పలుకా?*
ఈ ఐదు గుంపుల సూత్రాలు రెండింటికీ దాదాపు ఒక్కటే. కొన్ని మాటల్లో తేడా ఉంది. లేబొరేటరీని బ్రిటిష్‌వారు రెండో ముక్క మీద, అమెరికన్లు మొదటి ముక్క మీద ఒత్తుతారు. రెండూ సరైనవే. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి.

*ఎంప్లాయీ అన్న మాటలో ఊనిక ఎక్కడ?*
ఎం-ప్లా-ˈయీ అని చివర ఒత్తేవారూ ఉన్నారు, ఎం-ˈప్లా-యీ అని మధ్యలో ఒత్తేవారూ ఉన్నారు. నిఘంటువులు రెండింటినీ ఒప్పుకుంటాయి. మొదటి ముక్క మీద మాత్రం ఒత్తకండి.

*నాది తెలుగు యాస. దాన్ని వదులుకోవాలా?*
అక్కర్లేదు. మీ మాటలో మీ ఊరు వినిపిస్తే అందులో చిన్నతనం ఏమీ లేదు. ప్రపంచంలో ఇంగ్లిష్ మాట్లాడే ప్రతి ప్రాంతానికీ ఒక యాస ఉంది. యాస వేరు, ఊనిక వేరు. తెలుగు యాసతోనే వ్యాలిడేషన్‌లో 'డే'ను ఒత్తి పలకవచ్చు. వినేవారికి కావలసింది అదే.

*తెలుగు మీడియంలో చదివాను. ఇది నాకు వస్తుందా?*
తప్పకుండా వస్తుంది. ఊనిక సూత్రాలకు వ్యాకరణం మీద పెద్ద పట్టు అవసరం లేదు. వినే ఓపిక, ముక్కలు చేసే నేర్పు కావాలి. పద్యానికి గణ విభజన చేసిన విద్యార్థికి ఆ నేర్పు ముందే ఉంది.

మీరే ప్రయత్నించండి

కింది మాటలను ముక్కలు చేసి ఊనిక గుర్తించండి. జవాబులు తర్వాతి పేరాలో ఉన్నాయి, ముందే చూడకండి.

కంటామినేషన్, అవైలబిలిటీ, ఫార్మకాలజీ, ఎఫెక్టివ్‌నెస్, ట్రాన్స్‌పోర్టేషన్, ఎకానమీ, ఎకనామిక్స్, ఇంటర్వ్యూయీ.

జవాబులు: కన్-ట్యా-మి-ˈనే-షన్. అ-వే-ల-ˈబి-లి-టీ. ఫార్-మ-ˈకా-ల-జీ. ఇ-ˈఫెక్-టివ్-నెస్. ట్రాన్స్-పోర్-ˈటే-షన్. ఇ-ˈకా-న-మీ. ఎ-క-ˈనా-మిక్స్. ఇన్-టర్-వ్యూ-ˈయీ.

ఎనిమిదింటిలో ఆరు సరిపోతే సూత్రం మీకు పట్టుబడినట్టే. తప్పిన మాటలు ఏ గుంపువో చూసి ఆ గుంపు మాటలు మరో పది సాధన చేయండి.

చదువులో కష్టపడి సంపాదించిన పరిజ్ఞానం, పలుకు దగ్గర తడబడి వినేవారికి చేరకుండా పోకూడదు. మేడ్చల్, శామీర్‌పేట పిల్లలకు పరిశ్రమలు, విద్యాసంస్థలు ఇంటి దగ్గరే ఉన్నాయి. ఆ కొలువులకు కావలసిన చదువూ వారి దగ్గర ఉంది. మిగిలింది తమ విషయంలోని రెండు మూడు వందల పొడవాటి మాటలను సాపు చేసుకోవడం. రోజుకు పది చొప్పున లెక్కవేస్తే అది నెల రోజుల పని. ఈ రోజే నోట్‌బుక్ తీసి, మీరు దరఖాస్తు చేయబోయే ఉద్యోగ ప్రకటనలోని మొదటి పది మాటలతో మొదలుపెట్టండి.